తొమ్మిది లక్షల కబడ్డీ పోటీలో ఊరికి మిగిలేదెంత? ప్రకాశం జిల్లా నుంచి ఒక కేస్ స్టడీ

పోటీలు ముగిసిన మర్నాడు కమిటీ వాళ్లు చెప్పే మాట దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒకటే: "మూడు రోజుల్లో ఊళ్లో లక్షల వ్యాపారం జరిగింది." వ్యాపారం జరిగిన మాట నిజమే. ఆ డబ్బులో ఊరికి కొత్తగా వచ్చింది ఎంత, వచ్చినదాంట్లో ఊరు దాటకుండా ఆగింది ఎంత అన్నది వేరే లెక్క. ఈ కేసు ఆ లెక్క కోసమే.

తీసుకున్న పోటీ ప్రకాశం జిల్లా తీరప్రాంతంలో, ఒంగోలు–సింగరాయకొండ మధ్య జాతీయ రహదారికి దగ్గరగా ఉండే ఒక మండల కేంద్రంలో సంక్రాంతికి జరిపే రాష్ట్రస్థాయి ఆహ్వాన కబడ్డీ. ఊరి పేరు వేయడం లేదు. అంకెలు కూడా ఏ ఒక్క ఏడాది పద్దునుంచీ తీసినవి కావు. లెక్క కట్టే పద్ధతి కనబడాలని గుండ్రంగా వేసుకున్న నమూనా పద్దు ఇది. మీ ఊరి అంకెలు ఇందులో పెట్టుకుని చూస్తే అసలు జవాబు వస్తుంది.

పోటీ కొలతలు

పురుషుల జట్లు 16. నాలుగేసి జట్లతో నాలుగు పూల్స్ చేస్తే పూల్‌కి 6 చొప్పున లీగ్ మ్యాచ్‌లు 24. క్వార్టర్స్ 4, సెమీస్ 2, మూడో స్థానానికి ఒకటి, ఫైనల్ ఒకటి. మొత్తం 32. ఒక మ్యాచ్‌కి 20 నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. టైమ్ అవుట్లు, జట్లు దిగి ఎక్కే సమయం కలుపుకుంటే గంట వేసుకోవాలి. రెండు కోర్టుల మీద రోజుకు ఆరు గంటలు ఆడిస్తే 12 మ్యాచ్‌లు అవుతాయి. లీగ్ రెండు రోజుల్లో తేలిపోతుంది, మూడో రోజు నాకౌట్.

ఆ ఆరు గంటలు ఏ వేళ పెట్టాలన్నది ఆర్థిక నిర్ణయమే. చాలా కమిటీలు రాత్రి 7కి మొదలుపెట్టి ఒంటిగంటకు ముగిస్తాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు వాడకూడదు, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. జనవరిలో పది దాటితే మంచు దిగి మ్యాట్ జారుతుంది. రైడర్ కాలు జారితే మోకాలు పోతుంది. వీటికి తోడు, అర్ధరాత్రి దాకా ఆడిస్తే పక్క ఊళ్ల నుంచి బైకుల మీద కుర్రాళ్లు మాత్రమే వస్తారు. వాళ్ల ఖర్చు టీ, సిగరెట్, మందు. మందు సీసా ధరలో అధిక భాగం పన్నుగా ఊరు దాటిపోతుంది. సాయంత్రం 4కి మొదలుపెట్టి 10కి ముగిస్తే ఆడవాళ్లు, పిల్లలతో కుటుంబాలు వస్తాయి, ఊళ్లో వాళ్లు పెట్టిన పునుగులు, దోసెలు, మిరపకాయ బజ్జీలు కొంటాయి. అందుకే టైంటేబుల్ రాసేటప్పుడు ఊరికి వచ్చే చివరి బస్సు ఎన్నింటికో ముందు చూడాలి.

తిండి లెక్క: జట్టుకు 12 మంది ఆటగాళ్లు, కోచ్, మేనేజర్ కలిపి 14. పదహారు జట్లకు 224. మ్యాచ్‌కి రెఫరీ ఒకరు, అంపైర్లు ఇద్దరు, స్కోరర్, సహాయ స్కోరర్లు ఇద్దరు కలిపి ఆరుగురు కావాలి. రెండు కోర్టులకు 12, మార్చుకోవడానికి మరో నలుగురు. మొత్తం 240 మంది. రోజుకు మూడు పూటలు, మూడు రోజులు అంటే 2,160 విస్తళ్లు. వాటిలో అన్నం పూటలు 1,440. ఆడే పిల్లలు కాబట్టి మనిషికి పూటకు 200 గ్రాముల బియ్యం వేస్తే 288 కిలోలు. ఈ 288 కిలోలు ఎక్కడ కొన్నారన్న చోటే కేసులో సగం తేలిపోతుంది.

ఖర్చు పద్దు

- బహుమతులు (లక్ష, 75 వేలు, 50 వేలు, 25 వేలు): రూ. 2,50,000
- భోజనాలు, టిఫిన్లు, విస్తరికి రూ. 80 చొప్పున: రూ. 1,72,800
- జట్లకు దారి ఖర్చు, రూ. 5,000 చొప్పున: రూ. 80,000
- అఫీషియల్స్‌కు మూడు రోజుల భత్యం: రూ. 48,000
- రెండు కోర్టుల మ్యాట్లు అద్దెకు, రవాణాతో: రూ. 60,000
- గ్యాలరీ, షామియానా, లైట్లు: రూ. 1,50,000
- జనరేటర్ డీజిల్: రూ. 30,000
- మైకు, లైవ్ ప్రసారం: రూ. 40,000
- మంచినీళ్లు, పారిశుద్ధ్యం: రూ. 35,000
- వైద్యం, అంబులెన్స్, బీమా: రూ. 25,000
- ఫ్లెక్సీలు, షీల్డులు, మెమెంటోలు: రూ. 40,000

మొత్తం రూ. 9,30,800.

రాబడి: ఊరి నుంచి వెళ్లి హైదరాబాద్, బెంగళూరు, విదేశాల్లో స్థిరపడ్డవాళ్లు ఇచ్చింది 4 లక్షలు. బయటి కంపెనీల ప్రకటనలు లక్షన్నర. రంగులరాట్నం, బొమ్మలు, ఐస్‌క్రీం అంగళ్ల స్థలాలను వేలంలో పాడుకున్న బయటి వ్యాపారులు కట్టింది లక్ష. మిగిలిన రూ. 2,80,800 ఊళ్లో రైతులు, కొట్ల వాళ్లు, పెద్దమనుషులు వేసుకున్న చందాలు.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. "తొమ్మిది లక్షలు ఖర్చుపెట్టాం కాబట్టి ఊరికి తొమ్మిది లక్షల లాభం" అనేస్తారు. ఖర్చు లాభం కాదు. ఒక్కో పద్దు ఎదురుగా "ఈ డబ్బు సాయంత్రానికి ఎవరి జేబులో ఉంది?" అని రాసుకుంటూ పోవాలి.

బహుమతి డబ్బు గెలిచిన జట్టుతో బస్సెక్కి వెళ్లిపోతుంది. దారి ఖర్చు, అఫీషియల్స్ భత్యం, మ్యాట్ల అద్దె అంతే. ఫ్లెక్సీలు, షీల్డులు ఒంగోలులో చేయిస్తారు, అదీ సున్నా. డీజిల్‌లో బంకు కమీషన్ తప్ప ఏమీ ఉండదు, రూ. 1,500 వేద్దాం. టెంట్ హౌస్ బయటిదైతే మోత కూలీ, గుంజలు పాతే కూలీ మాత్రం మనవాళ్లది, 30 వేలు. మైకు మన కుర్రాళ్లదైతే 32 వేలు ఆగుతుంది. నీళ్లు, పారిశుద్ధ్యంలో 28 వేలు. వైద్యం పద్దులో ఆర్‌ఎంపీకి, మందుల కొట్టుకు 5 వేలు. వంట ఊళ్లో డ్వాక్రా సంఘానికి ఇచ్చి, బియ్యం, కూరగాయలు, పాలు, పెరుగు ఊళ్లో కొంటే సగం, అంటే రూ. 86,400. నూనె, పప్పు, గ్యాస్ ఎలాగూ బయటి సరుకే. కోడి మాంసంలో కూడా కొట్టువాడి మార్జిన్ మాత్రమే ఊరిది.

అన్నీ కలిపితే రూ. 1,82,900. తొమ్మిది లక్షల ముప్పై వేలల్లో ఇరవై శాతం కూడా లేదు. ఊరి చందాలే 2,80,800. అంటే కమిటీ పద్దు ఒక్కటే చూస్తే ఊరికి ఎదురు రూ. 97,900 పోయింది. ఈ లోటును చూడవచ్చిన జనం ఖర్చు పూడ్చాలి.

జనం లెక్క

సాయంత్రానికి 3,000 మంది చొప్పున మూడు రోజులకు 9,000 రాకలు అనుకుందాం. మైకులో మాత్రం "పదివేల మంది క్రీడాభిమానులు" అంటారు. గ్యాలరీ, నేల స్థలాన్ని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో తలలు లెక్కపెట్టి, సాయంత్రం మూడుసార్లు అలా చేసి సగటు తీస్తేనే నిజం తెలుస్తుంది.

లెక్కతోపాటు ప్రశ్నలు కూడా అడగాలి. గేటు దగ్గర ఇద్దరు డిగ్రీ పిల్లల్ని పెట్టి, లోపలికి వచ్చే ప్రతి ఇరవయ్యో మనిషిని మూడే అడగమనాలి. ఏ ఊరు? పోటీలు లేకపోయినా ఈ రోజు ఈ ఊరు వచ్చేవారా? ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది? రెండో ప్రశ్న వదిలేస్తే సర్వే చేసి లాభం లేదు.

ఎందుకంటే, సంక్రాంతికి వచ్చిన హైదరాబాద్ అబ్బాయి పోటీల కోసం రాలేదు, అమ్మ దగ్గరికి వచ్చాడు. పోటీలు లేకపోయినా అతని ఖర్చు ఊళ్లోనే పడేది. అతన్ని పోటీ తెచ్చిన రాబడిలో కలపకూడదు. పక్క ఊరి రైతు కూడా అంతే. ఎరువుల కొట్టుకి వచ్చి పనిలో పనిగా మ్యాచ్ చూస్తాడు. క్రీడల ఆర్థిక ప్రభావాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన రాబర్ట్ బేడ్, ఆండ్రూ జింబలిస్ట్, డెన్నిస్ కోట్స్, బ్రాడ్ హంఫ్రీస్ వంటి అమెరికా ఆర్థికవేత్తలు పెద్ద స్టేడియాల విషయంలో ఎత్తి చూపిందీ ఇదే. అక్కడి కుటుంబం సినిమాకు, హోటల్‌కు పెట్టే డబ్బే స్టేడియంలో పెడుతుంది. నగరానికి అదనంగా చేరేది చాలా తక్కువ. మన మండల కేంద్రానికీ అదే సూత్రం.

నమూనాలో 9,000 రాకల్లో సొంత ఊరివి 5,400, మండలంలోని చుట్టుపక్కల ఊళ్లవి 2,700, దూరం నుంచి 900. మనిషికి వరసగా రూ. 50, 60, 120 ఖర్చు. అన్నీ కూడితే 5,40,000. కమిటీ ఫ్లెక్సీ మీద పడే అంకె ఇది. ఇప్పుడు కోసుకుంటూ వద్దాం.

ఊరివాళ్ల 2,70,000 కొత్త డబ్బు కాదు, తీసేయాలి. చుట్టుపక్కల వాళ్ల 1,62,000లో మూడో వంతు ఎలాగూ ఊరికి వచ్చేవాళ్లది. మిగిలేది 1,08,000. దూరం వాళ్ల 1,08,000లో సగం పండక్కి వచ్చినవాళ్లది, మిగిలేది 54,000. నికరం 1,62,000. దాన్ని అందుకున్న అంగళ్లలో కొన్ని బయటివి, మన అంగళ్లలో కూడా సరుకు బయటిదే కాబట్టి ఊళ్లో ఆగేది సగమే వేద్దాం. 81,000.

ఇంకొకటి ఉంది, దీన్ని దాదాపు ఎవరూ వేయరు. ఊరివాళ్లు పెట్టిన 2,70,000లో సగం రంగులరాట్నానికి, బయటి అంగళ్లకు పోయిందనుకోండి. ఆ 1,35,000 మామూలుగా ఊరి కిరాణా కొట్లో పడి ఉంటే ఐదో వంతైనా ఊళ్లో ఆగేది. అది ఈ నెల ఆగలేదు. 27,000 నష్టం. పోటీలయ్యాక రెండు వారాలు కిరాణా కొట్లు, కర్రీ పాయింట్లు "గిరాకీ పడిపోయింది" అంటాయి. కారణం ఇదే. అందుకే పోటీకి ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు ఓ పది కొట్ల రోజువారీ అమ్మకం రాసుకోవాలి. పుస్తకం చూపడానికి ఇష్టపడని కొట్టువాళ్లను పాల ప్యాకెట్లు, గ్యాస్ సిలిండర్లు ఎన్ని వాడారని అడిగితే సరిపోతుంది. టీ కొట్టులో లీటరు పాలకు ఎన్ని టీలు వస్తాయో ఆయన్నే అడిగి హెచ్చవేసుకోవచ్చు.

ఊళ్లో ఆగింది: 1,82,900 + 81,000 − 27,000 = 2,36,900. ఈ డబ్బు అందుకున్నవాళ్లు మళ్లీ ఊళ్లో ఖర్చుపెడతారు. చిన్న ఊళ్లో రూపాయికి ఇరవై పైసలు ఆగుతుందనుకుంటే గుణకం (ఒక రూపాయి ఊళ్లో చేతులు మారి మొత్తం ఎన్ని రూపాయలవుతుందన్న అంకె) 1.25 వస్తుంది. ఒకటిని 0.8తో, అంటే ఊరు దాటే ఎనభై పైసలతో, భాగిస్తే వచ్చేదే అది. పెద్ద నగరాల నివేదికల్లో కనిపించే రెండు, రెండున్నర గుణకాలను తెచ్చి మండల కేంద్రానికి తగిలించడం తప్పు. మనకు టోకు వ్యాపారం, ఫ్యాక్టరీ, ఆసుపత్రి అన్నీ ఒంగోలులోనో నెల్లూరులోనో ఉంటాయి. 2,36,900 × 1.25 = 2,96,125. ఊరి చందాలు 2,80,800 తీసేస్తే నికర మిగులు రూ. 15,325.

తొమ్మిది లక్షల పోటీకి పదిహేను వేలు. పోటీలు వద్దని చెప్పడానికి ఈ అంకె వేయలేదు. ఎక్కడెక్కడ కారిపోతోందో తెలిస్తే కట్టవేయవచ్చు, అందుకు.

ఏ మీట నొక్కితే ఎంత మారుతుంది

వంట. ఇదే పద్దులో భోజనాలను ఒంగోలు క్యాటరర్‌కి ఇస్తే ఊళ్లో ఆగేది వడ్డన కూలీ, పదో వంతు, రూ. 17,280. తేడా 69,120, గుణకంతో 86,400. మిగులు 15 వేలు కాస్తా లోటు 71 వేలవుతుంది. ఒక్క నిర్ణయంతో. డ్వాక్రా సంఘాలకు ఇస్తే వచ్చే ఇబ్బంది అడ్వాన్సు: క్యాటరర్ పెట్టుబడి తనే పెట్టుకుంటాడు, సంఘానికి సరుకు డబ్బు ముందే ఇవ్వాలి. మొత్తంలో సగం పది రోజుల ముందు, పాతిక శాతం మొదటి రోజు, మిగతాది చివరి రోజు ఇస్తే నడుస్తుంది. 240 మందికి ఒకే సంఘం వండలేదు. పూటకొక సంఘం చొప్పున మూడింటికి పంచాలి. గాడిపొయ్యికి ఆరుబయట గాలి తగలకుండా రేకులు కట్టించాలి, సముద్రపు గాలికి మంట నిలవదు.

కాలం. సంక్రాంతికి దాతలు ఊళ్లో ఉంటారని పోటీలు అప్పుడే పెడతారు. చందాలు సంక్రాంతికి వసూలు చేసి, ఆట ఫిబ్రవరి రెండో శనివారం చుట్టూ శుక్ర, శని, ఆదివారాల్లో పెట్టడం మేలు. స్కూలు గదులు రెండు రోజులు ఖాళీగా దొరుకుతాయి, శుక్రవారం ఒక్కరోజుకు కల్యాణ మండపం మాట్లాడుకోవాలి. ఇంటర్ రాత పరీక్షలు ఇంకా మొదలుకావు, మంచు తగ్గుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరంలో ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు కాబట్టి ఆ నెలల జోలికి పోకూడదు. ఫిబ్రవరిలో దూరం నుంచి వచ్చేవాళ్లు 900 నుంచి 600కి తగ్గినా, వాళ్లంతా ఆట కోసమే వస్తారు: 72,000. సంక్రాంతి 54,000 కంటే ఎక్కువ. జనం పలచబడి రాబడి పెరగడం కమిటీకి రుచించదు, మైదానం నిండాలని ఉంటుంది. అయినా లెక్క ఇదే చెబుతోంది. టంగుటూరు, కొండపి వైపు ఊళ్లయితే పొగాకు వేలం మొదలయ్యాక పెట్టాలని కొందరు అంటారు, రైతు చేతిలో డబ్బు ఆడుతుందని. అది ఊరివాళ్ల డబ్బే. ఈ జేబులోది ఆ జేబులోకి మారడమే.

అంగళ్లు. స్థలాలన్నీ వేలం వేసి బయటివాళ్లకు ఇస్తే కమిటీకి లక్ష వస్తుంది. తిండి అంగళ్లను ఊరివాళ్లకే కేటాయించి, రంగులరాట్నం ఒక్కటి వేలం వేస్తే 40 వేలే వస్తుంది. కమిటీ కోశాధికారి ఇక్కడే అడ్డం తిరుగుతారు. కానీ వచ్చినవాళ్ల ఖర్చులో ఊళ్లో ఆగేది సగం నుంచి అరవై శాతానికి పెరుగుతుంది, ఊరివాళ్ల ఖర్చు బయటికి కారడం 27 వేల నుంచి 10 వేలకు తగ్గుతుంది.

బహుమతి. మొత్తంలో 50 వేలు తగ్గించినా మంచి జట్లు మానవు. వాళ్లు ముందు అడిగేది మ్యాట్ ఉందా, అంపైరింగ్ సరిగా ఉంటుందా, దారి ఖర్చు చెప్పినట్టు చేతికిస్తారా అని. ఎగ్గొట్టిన కమిటీ పేరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క రాత్రిలో పాకుతుంది.

కాలం, అంగళ్లు, బహుమతి మూడూ కలిపి మళ్లీ వేస్తే: ఖర్చు 8,80,800. బయటి డబ్బు 5,90,000, ఊరు వేసుకునేది 2,90,800. ఆగేది 1,82,900 + 1,08,000 − 10,000 = 2,80,900. గుణకంతో 3,51,125. మిగులు రూ. 60,325. దాదాపు నాలుగింతలు. వేలం డబ్బు 60 వేలు వదులుకున్నాక కూడా.

గ్యాలరీ

ఈ పద్దులో పొదుపు చేయకూడనిది ఇదొక్కటే. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభ వేళ గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. తాత్కాలిక గ్యాలరీలో మూడు తప్పులు తరచుగా కనిపిస్తాయి. గుంజలను నేలమీద పలక వేయకుండా నేరుగా మట్టిలో నిలబెడతారు, నీళ్లు చల్లిన చోట ఒక కాలు దిగబడితే వరసంతా ఒరుగుతుంది. అడ్డకర్రలు వేస్తారు గానీ ఏటవాలు కట్లు వేయరు, జనం ఒక్కసారి లేచి గెంతితే పక్కకు ఊగడాన్ని ఆపేది ఏటవాలు కట్టే. మూడోది, ఎక్కేవాళ్లను లెక్కపెట్టేవాళ్లు ఉండరు. మనిషికి అడుగున్నర వెడల్పు వేసి, వరసకు ఎంతమందో బోర్డు రాసి, నిండగానే మెట్లకు తాడు కట్టాలి. ఇంజనీరుతో రాతపూర్వకంగా చూపించుకోవడానికి, బీమాకు పెట్టే డబ్బు ఊరు దాటిపోయినా సరే పెట్టాల్సిందే. ఒక్క ప్రమాదం జరిగితే ఆసుపత్రుల ఖర్చు ఈ మొత్తం పద్దును మింగేస్తుంది, ఆ తర్వాత పదేళ్లు ఊళ్లో పోటీలుండవు.

"మినీ స్టేడియం కట్టించండి"

పోటీలు జరిగిన ప్రతి వేదిక మీదా ఈ కోరిక వినిపిస్తుంది. కట్టేటప్పుడు సిమెంటు, ఇనుము బయటివి, ఊరికి దక్కేది గ్రావెల్ తోలిన ట్రాక్టర్ల కిరాయి, కొంత కూలీ. కట్టాక కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, నీళ్ల మోటారు మరమ్మతు ఊరి నెత్తిన పడతాయి. కెనడాలోని మాంట్రియల్ నగరంలో జరిగిన 1976 ఒలింపిక్స్ అప్పు తీరడానికి 2006 దాకా పట్టింది. అంత పెద్ద ఉదాహరణ మనకు అక్కర్లేదు గానీ, కట్టడం కంటే నడపడం బరువన్న సంగతి రెండు చోట్లా ఒకటే.

మైదానానికి ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఉదయం రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు చొప్పున ఏడాదికి 1,825 ఆట గంటలు. పోటీలకు వాడేది మూడు రోజులు ఆరేసి గంటలు, 18. అంటే ఒక్క శాతం. కాంక్రీటు గ్యాలరీ ఆ ఒక్క శాతం కోసం. మిగిలిన 1,807 గంటలకు కావలసినవి వేరు: నాలుగు స్తంభాల లైట్లు, ఆడపిల్లలకు తలుపు గొళ్లెం పడే మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, నీళ్లు, ఒక పీఈటీ (బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు) లేదా కోచ్. అమ్మాయిలు సాయంత్రం మైదానానికి రావడం మానేసేది గ్యాలరీ లేక కాదు, మరుగుదొడ్డి లేక, చీకటి పడి. స్పోర్ట్స్ కోటాలో సీటో, రైల్వేలో, పోలీసులో ఉద్యోగమో వచ్చే పిల్లలు తయారయ్యేది ఆ 1,807 గంటల్లోనే. ఏళ్ల తరబడి ఊరికి జీతం పంపే ఒక్క ఉద్యోగం పై లెక్కలోని మిగుళ్లన్నిటికంటే పెద్దది.

2023 డిసెంబరు 26 నుంచి 2024 ఫిబ్రవరి 13 వరకు సచివాలయాల స్థాయి నుంచి జరిగిన రాష్ట్ర ప్రభుత్వ క్రీడాపోటీలు ఆడుదాం ఆంధ్రాను ఇదే గీటురాయి మీద చూడవచ్చు. మొదటి దశలో ఊరి పిల్లలు ఊళ్లోనే ఆడారు కాబట్టి బయటి జనం ఖర్చు అన్న మాటే రాదు, చివరి పోటీలు విశాఖలో జరిగాయి. అలాంటి కార్యక్రమం వల్ల ఊరికి ఒరిగింది తెలియాలంటే ఆ తర్వాత ఎంతమంది పిల్లలు మైదానంలో మిగిలారో చూడాలి. అమ్మకాల్లో వెతికితే దొరకదు.

సొంత మ్యాట్ల సంగతి వేరు, అది కొనదగ్గదే. పురుషుల కోర్టు 13 × 10 మీటర్లు, చుట్టూ మీటరు వదిలితే 15 × 12, అంటే మీటరు చదరపు పలకలు 180. రెండు కోర్టులకు 360. పలక రూ. 1,200 అనుకుంటే 4,32,000. ఏటా కట్టే 60 వేల అద్దెతో పోలిస్తే ఏడేళ్లకు పైగా పడుతుంది, అంతకాలం మ్యాట్లు నిలవవు. చుట్టుపక్కల ఊళ్లకు ఏటా మూడు పోటీలకైనా అద్దెకిస్తేనే గిట్టుబాటు. అద్దెకిచ్చేటప్పుడు పలకల వెనుక వరస నంబర్లు రాయాలి, లేకపోతే అంచుల పళ్లు సరిగా కూర్చోక చిరుగుతాయి. ఎండలో వదిలితే పలక కుంచించుకుపోయి సందులు వస్తాయి, ఆ సందులో బొటనవేలు ఇరుక్కుంటే చీలమండ మెలిపడుతుంది. నిలబెట్టి దాచకూడదు, వంగిపోతాయి. చెక్క బల్లల మీద పడుకోబెట్టి, ఎలుకలు దూరని గదిలో పెట్టి, తాళం పీఈటీ దగ్గర ఉంచాలి. కమిటీ ఏటా మారుతుంది, పీఈటీ దగ్గరైతే పిల్లలు రోజూ వాటి మీద ఆడతారు.